కాలేయంలో ఫాస్ఫోలిపిడ్లు: క్యాన్సర్ ఏం మారుస్తుంది, ఎలా మారుస్తుంది

మీరు అడిగినది ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారి కాలేయంలో, అక్కడ కణితి ఏదీ లేకపోయినా, కణపొరలను కట్టే కొవ్వు అణువుల, అంటే ఫాస్ఫోలిపిడ్ల, జీవక్రియ మారుతుందని చదివి, అది ఎలా సాధ్యమని అడిగారు. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్‌లోనూ ఇదే మార్పు ఉంటుందా అన్నది రెండోది. లెసిథిన్ (ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమం), కోలీన్ (వాటి తయారీకి కావలసిన పోషకం) మాత్రలు మేలు చేస్తాయా కీడు చేస్తాయా అన్నది మూడోది. మొదటి రెండింటినీ కలిపేసి ఒకే జవాబు చెప్పే వ్యాసాలు చాలా ఉన్నాయి, అయోమయానికి మూలం అదే. కాలేయ కణమే క్యాన్సర్ కణంగా మారడం ఒక సంగతి. క్యాన్సర్ మరెక్కడో ఉండి, ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణాల పనితీరును రక్తం ద్వారా మార్చడం మరో సంగతి. కొలతల్లో రెండూ ఒకేలా కనిపించవచ్చు గానీ లోపల జరిగేది వేరు. లిపిడ్ల జీవరసాయనంలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో నేను చెప్పగలిగేది ఇది: ఫాస్ఫోలిపిడ్లు ఎంత పెరిగాయి, ఎంత తగ్గాయి అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. ఏ అణువు, ఏ దారిలో తయారైంది, ఎవరి అవసరానికి తయారైంది అని అడిగితేనే విషయం తెరుచుకుంటుంది.

ముందు మామూలు కాలేయం సంగతి చూద్దాం. కాలేయ కణంలోని ఫాస్ఫోలిపిడ్లలో దాదాపు సగం ఫాస్ఫాటిడైల్‌కోలీన్, సుమారు పావు వంతు ఫాస్ఫాటిడైల్ ఇథనాలమీన్. మిగిలినది ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్, ఫాస్ఫాటిడైల్ సెరీన్, కార్డియోలిపిన్, స్ఫింగోమైలిన్ వంటివి. శరీరంలోని ప్రతి కణానికీ ఫాస్ఫాటిడైల్‌కోలీన్ కావాలి, దాన్ని తయారుచేసుకునే సాధారణ మార్గాన్ని 1950లలో యూజీన్ కెన్నెడీ, శామ్యూల్ వైస్ వెలికితీశారు. కోలీన్‌కు మొదట కోలీన్ కైనేజ్ ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. అలా ఏర్పడిన ఫాస్ఫోకోలీన్‌ను సీసీటీ అనే ఎంజైమ్ సీటీపీ అనే శక్తి అణువు సాయంతో సీడీపీ-కోలీన్‌గా మారుస్తుంది. చివరి మెట్టులో అది డైఎసైల్‌గ్లిసరాల్‌తో కలిసి ఫాస్ఫాటిడైల్‌కోలీన్ అవుతుంది. ఈ మార్గానికి సీటీపీ అవసరమని బయటపడిన తీరు వినదగ్గది: ప్రయోగంలో వాడిన ఏటీపీ (కణంలోని ప్రధాన శక్తి అణువు) నమూనా శుద్ధమైనది కాకపోవడం వల్లనే, అందులో మలినంగా ఉన్న సీటీపీ తన ఉనికిని చాటుకుంది. మార్గం మొత్తం వేగాన్ని నిర్ణయించేది సాధారణంగా సీసీటీయే. పొరలో ఫాస్ఫాటిడైల్‌కోలీన్ తగ్గిందంటే ఆ ఎంజైమ్ పొరకు అతుక్కుని చురుకవుతుంది, సరిపడినంత ఉంటే విడిపోయి నెమ్మదిస్తుంది.

కాలేయానికి మాత్రం రెండో దారి కూడా ఉంది, ఈ చర్చకంతటికీ కీలకం అదే. పీఈఎంటీ అనే ఎంజైమ్ ఫాస్ఫాటిడైల్ ఇథనాలమీన్‌కు వరుసగా మూడు మిథైల్ గుంపులను (ఒక కార్బన్ ఉన్న చిన్న రసాయన ముక్కలను) చేర్చి దాన్ని ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌గా మారుస్తుంది. ఆ మిథైల్ గుంపులను ఇచ్చేది ఎస్-ఎడినోసిల్ మెథియోనిన్, క్లుప్తంగా సామ్. కాలేయంలో తయారయ్యే ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌లో సుమారు 30 శాతం ఈ దారినే వస్తుంది, ఇతర కణజాలాల్లో ఈ దారి వాటా లెక్కలోకి రానంత స్వల్పం. ఇలా వచ్చిన అణువుల్లో పొడవైన, అనేక ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. కాలేయానికి ఈ అదనపు ఏర్పాటు ఎందుకంటే, తన పొరలకు సరిపడా తయారుచేసుకుని ఊరుకునే వెసులుబాటు దానికి లేదు. వీఎల్‌డీఎల్ అనే, కొవ్వును మోసుకెళ్లే రేణువుల పైపొర కోసం రక్తంలోకి, పైత్యరసం కోసం పైత్య నాళాల్లోకి అది నిత్యం ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌ను పంపిస్తూనే ఉండాలి. కాబట్టి కాలేయ కణం ఫాస్ఫోలిపిడ్లను ఇంటి అవసరానికి చేసుకునేదే కాక, ఎగుమతి కోసం చేసేది కూడా.

ఇక్కడ కాలక్రమంలో కాస్త వెనక్కి వెళ్లక తప్పదు. క్యాన్సర్ వచ్చాక ఫాస్ఫోలిపిడ్లు మారతాయని మాత్రమే అనుకుంటే సగం కథ వదిలేసినట్టే, ఎందుకంటే కాలేయంలో ఫాస్ఫోలిపిడ్ల తయారీ దెబ్బతినడమే క్యాన్సర్‌కు దారి తీయగలదు. టొరంటోలో చార్లెస్ బెస్ట్ బృందం 1932 నాటికే కోలీన్ లోపిస్తే కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని, కోలీన్ ఇస్తే అది నివారించబడుతుందని చూపింది. కారణం తేలికే: ఫాస్ఫాటిడైల్‌కోలీన్ చాలకపోతే వీఎల్‌డీఎల్ రేణువులు సరిగా రూపొందవు, ట్రైగ్లిసరైడ్లు బయటికి పోలేక కాలేయంలోనే నిలిచిపోతాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన ఫలితం మరింత ఆశ్చర్యకరమైనది. కోలీన్ లోపించిన ఆహారాన్ని ఎక్కువకాలం తిన్న ఎలుకల్లో, క్యాన్సర్ కారక రసాయనం ఏదీ ఇవ్వకపోయినా, కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఒక పోషకం కేవలం లోపించడం వల్లనే క్యాన్సర్ పుట్టిన ఉదాహరణలు దాదాపు ఇదొక్కటే. పీఈఎంటీ జన్యువు లేని చిట్టెలుకలకు కోలీన్ కూడా ఆపేస్తే రెండు దారులూ మూసుకుపోయి, కొద్ది రోజుల్లోనే కాలేయం తీవ్రంగా దెబ్బతింటుంది. అక్కడ నష్టానికి అసలు కారణం ఫాస్ఫాటిడైల్‌కోలీన్ మొత్తం కంటే, ఫాస్ఫాటిడైల్ ఇథనాలమీన్‌తో దానికున్న నిష్పత్తి పడిపోవడం. ఆ నిష్పత్తి పడిపోయినప్పుడు కణపొర తన గట్టిదనాన్ని కోల్పోయి లోపలి పదార్థాలను బయటికి వదిలేస్తుంది.

సామ్ విషయంలో కూడా ఇలాంటిదే కనిపిస్తుంది. పెద్దవారి కాలేయంలో సామ్‌ను తయారుచేసేది మాట్1ఏ జన్యువు. ఆ జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో సామ్ తగ్గి, మొదట కొవ్వుతో కూడిన కాలేయ శోథ (వాపు), తర్వాత కాలేయ క్యాన్సర్ వచ్చాయి. అయితే సామ్ తగ్గడమే దోషం అనుకుని ముగించేందుకు వీల్లేదు. మిగులు సామ్‌ను ఖర్చు చేసే జీఎన్ఎమ్‌టీ అనే ఎంజైమ్ లేని చిట్టెలుకల్లో సామ్ విపరీతంగా పెరుగుతుంది, పీఈఎంటీ దారి ఉధృతమవుతుంది, వాటికీ చివరికి కాలేయ క్యాన్సరే వస్తుంది. తక్కువైనా ఎక్కువైనా ముప్పే కాబట్టి, మిథైల్ గుంపులు ఎంత మంచివో ప్రచారం చేసే ప్రకటనలను నేను అనుమానంగానే చూస్తాను. పైత్యరసం వైపు నుంచి మరో సాక్ష్యం ఉంది. ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌ను పైత్యంలోకి చేరవేసే ప్రోటీన్ మనుషుల్లో ఏబీసీబీ4, చిట్టెలుకల్లో దాని పేరు ఎమ్‌డీఆర్2. పైత్య లవణాలు సబ్బులా పొరలను కరిగించే స్వభావం కలవి, పక్కన ఫాస్ఫోలిపిడ్లు ఉంటేనే ఆ పదును తగ్గుతుంది. ఎమ్‌డీఆర్2 లేని చిట్టెలుకల పైత్యంలో ఫాస్ఫోలిపిడ్లు ఉండవు, నాళాలు నిరంతరం గాయపడతాయి, శోథ ఏళ్ల తరబడి కాదు గానీ నెలల తరబడి సాగి కాలేయ కణితులుగా పరిణమిస్తుంది. క్యాన్సర్ పరిశోధనలో శోథ నుంచి కణితి పుట్టే క్రమాన్ని చూడటానికి నేటికీ వాడే నమూనాల్లో ఇది ఒకటి.

ఇక కణితి ఏర్పడ్డాక ఏమవుతుందో చూద్దాం. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో అధిక భాగం కాలేయ కణాల నుంచే వచ్చే హెపటోసెల్యులర్ కార్సినోమా, నేను చెప్పేది దాని గురించే. ఈ కణాలు కాలేయానికి ప్రత్యేకమైన పనులను ఒక్కొక్కటిగా వదులుకుంటూ పోతాయి, అలా ముందుగా వదులుకునేవాటిలో పీఈఎంటీ దారి ఉంది. ఎలుకల కణితుల్లోనూ, మనుషుల కణితుల్లోనూ పీఈఎంటీ తగ్గుతుందని గమనించారు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ వాన్స్ బృందం 1990లలో, పీఈఎంటీ లేని కాలేయ కణితి కణాల్లోకి ఆ ఎంజైమ్‌ను తిరిగి ప్రవేశపెట్టి చూస్తే వాటి పెరుగుదల మందగించింది. పీఈఎంటీ పోవడమే క్యాన్సర్‌కు కారణమని దీన్నిబట్టి తేల్చలేము, కాని విభజన చెందే కణానికి ఆ దారి అనుకూలం కాదని మాత్రం తెలుస్తుంది. అదే సమయంలో మాట్1ఏ తగ్గి, పిండ దశలోనూ ఇతర కణజాలాల్లోనూ పనిచేసే మాట్2ఏ పైకి వస్తుంది. మాట్2ఏ తయారుచేసే ఎంజైమ్ పెరిగే కణానికి పనికొస్తుంది గాని, అది తన ఉత్పత్తి అయిన సామ్ వల్లనే అణగిపోతుంది కాబట్టి, మునుపటి కాలేయంలో ఉన్నంత సామ్ నిల్వను అది ఏర్పరచలేదు. ఈ ఒక్క మార్పిడితో మిథైల్ గుంపుల ఆర్థిక వ్యవస్థ మొత్తం తలకిందులవుతుంది.

ఒక దారి మూసుకుపోతే భారం కెన్నెడీ మార్గం మీద పడుతుంది. కణితి కణాలు కోలీన్‌ను ఎక్కువగా లోపలికి తీసుకుంటాయి, కోలీన్ కైనేజ్ ఆల్ఫా చురుకవుతుంది, ఫాస్ఫోకోలీన్ పోగుపడుతుంది. మామూలు కాలేయ కణం కూడా కోలీన్‌ను ధారాళంగానే తీసుకుంటుందని మరిచిపోకూడదు. కాని అది కోలీన్‌లో ఎక్కువ భాగాన్ని మైటోకాండ్రియాలో ఆక్సీకరించి బీటైన్‌గా మారుస్తుంది, ఆ బీటైన్ తిరిగి మెథియోనిన్ తయారీకి మిథైల్ గుంపును ఇస్తుంది. కణితి కణంలో ఆ ఖర్చు తగ్గిపోయి, వచ్చిన కోలీన్ ఫాస్ఫోకోలీన్ రూపంలో చిక్కుకుపోతుంది. రేడియోధార్మిక గుర్తు (ట్రేసర్) తగిలించిన కోలీన్ ఎక్కడ పోగుపడిందో చూపే కోలీన్ పెట్ స్కాన్ ఆధారపడేది ఈ తేడా మీదనే. బాగా పరిణతి చెందిన, అంటే మామూలు కాలేయ కణాలను ఇంకా పోలివున్న కణితులు సాధారణ గ్లూకోజ్ పెట్ స్కాన్‌లో తరచూ తప్పించుకుపోతాయి. వాటిలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఇంకా మిగిలే ఉండి, చిక్కుకోవలసిన ట్రేసర్‌ను విడుదల చేసేయడమే అందుకు కారణం. అటువంటి కణితులే కోలీన్ ట్రేసర్‌ను పట్టుకోవడం ఎక్కువ. అయినా ఆ స్కాన్‌ను చదవడం అంత సులువు కాదు. చుట్టూ ఉన్న కాలేయమే వెలుగుతూ ఉంటుంది, పైగా ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే హానిలేని గడ్డ కూడా కోలీన్‌ను బాగా తీసుకుంటుంది.

ఇంతవరకు ఫాస్ఫోలిపిడ్ తల భాగం, అంటే కోలీన్ లేదా ఇథనాలమీన్ ఉన్న కొస, గురించి మాట్లాడాం. నా దృష్టిలో అంతకంటే ఆసక్తికరమైనది తోకల్లో, అంటే కొవ్వు ఆమ్లాల్లో, జరిగే మార్పు. కణితి కణజాలంలోని ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షించినప్పుడు సంతృప్త కొవ్వు ఆమ్లాలు, ఒకే ద్విబంధం ఉన్నవి పెరిగి, అనేక ద్విబంధాలున్నవి తగ్గడం పదేపదే కనిపిస్తుంది. కొవ్వు ఆమ్లాలు రెండు చోట్ల నుంచి రావచ్చు. రక్తం నుంచి తీసుకున్నవాటిలో ఆహారం ద్వారా వచ్చిన లినోలెయిక్ ఆమ్లం వంటివి ఉంటాయి. కణం తనంతట తాను గ్లూకోజ్ నుంచి తయారుచేసుకుంటే ప్రధానంగా పామిటిక్ ఆమ్లం వస్తుంది, దానికి ఎస్‌సీడీ1 అనే ఎంజైమ్ ఒక ద్విబంధాన్ని మాత్రమే చేర్చగలదు. కణితి కణాల్లో కొవ్వు తయారీ జన్యువులను నడిపే ఎస్‌ఆర్‌ఈబీపీ-1 అనే ప్రోటీన్ పెరిగి, దాని అధీనంలోని ఎసిటైల్ కో-ఏ కార్బాక్సిలేజ్, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్, ఎస్‌సీడీ1 అన్నీ హెచ్చుతాయి. ఇక్కడ రెండు కథలు కలుస్తాయి. ఫాస్ఫాటిడైల్‌కోలీన్ తగ్గితే ఎస్‌ఆర్‌ఈబీపీ-1 చురుకవుతుందని, సామ్ లోపం వల్ల కూడా అదే జరుగుతుందని 2011లో మొదట ఒక చిన్న పురుగులోనూ, ఆపైన క్షీరదాల కణాల్లోనూ చూపారు. అంటే మిథైల్ దారి మూసుకుపోవడం, కొవ్వు తయారీ హెచ్చడం రెండు వేర్వేరు సంఘటనలు కానక్కరలేదు, మొదటిది రెండోదాన్ని తోసుకుపోగలదు.

తయారైన ఫాస్ఫోలిపిడ్‌లో ఒక తోకను తీసేసి మరొకటి తగిలించే వ్యవస్థ కూడా ఉంది, 1958లో దాన్ని వర్ణించిన విలియం ల్యాండ్స్ పేరుతోనే దాన్ని ల్యాండ్స్ చక్రం అంటారు. ఇందులో పనిచేసే ఎల్‌పీక్యాట్1 సంతృప్త తోకలను ఇష్టపడుతుంది, కాలేయ క్యాన్సర్‌లో పెరిగేది అదే. ఎల్‌పీక్యాట్3 అరాకిడోనిక్ ఆమ్లం వంటి అసంతృప్త తోకలను చేరుస్తుంది. ఈ రెండింటి మధ్య మొగ్గు ఎటు ఉన్నదన్నది కణం బతుకుచావులను ప్రభావితం చేయగలదు, ఎందుకంటే అనేక ద్విబంధాలున్న తోకలే ఆక్సీకరణకు లోనవుతాయి. ఇనుము సమక్షంలో ముఖ్యంగా ఫాస్ఫాటిడైల్ ఇథనాలమీన్‌లోని అరాకిడోనిక్ తోకలు పెరాక్సైడ్లుగా మారి కణం చనిపోవడాన్ని ఫెరాప్టోసిస్ అంటారు, ఆ పేరు 2012లో వచ్చింది. సంతృప్త తోకలున్న పొర ఆ మరణానికి అంత సులువుగా లొంగదు, కాబట్టి సొంతంగా కొవ్వు తయారుచేసుకునే కణితికి ఒక కవచం కూడా దొరికినట్టే. అయితే అరాకిడోనిక్ ఆమ్లాన్ని ఫాస్ఫోలిపిడ్లలో చేరడానికి సిద్ధం చేసే ఏసీఎస్ఎల్4 కూడా చాలా కాలేయ కణితుల్లో పెరిగే ఉంటుంది, అంటే కవచంలో రంధ్రం కూడా ఉంది. ఆ రంధ్రాన్ని మందులతో వాడుకోవచ్చన్న ఆశ సమంజసమైనదే గాని, కాలేయ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ ఫెరాప్టోసిస్ వల్లనే పనిచేస్తుందని ఒక దశలో బలంగా చెప్పిన మాట, అనేక రకాల కణాల్లో పరీక్షించి చూసినప్పుడు నిలబడలేదు.

కొవ్వు తయారీని ఆపితే కణితి ఆగుతుందా అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు, లేదనే నిజాయితీగా చెప్పాలి. ఏకేటీ అనే జన్యువుతో కణితులు పుట్టించిన చిట్టెలుకల్లో ఫ్యాటీ యాసిడ్ సింథేజ్‌ను తొలగిస్తే కణితులు రాలేదు. కాని బీటా-కాటెనిన్ అనే మరో జన్యువు వల్ల వచ్చే కణితులు కొవ్వు తయారీ మీద కాక, కొవ్వును దహించడం మీద ఆధారపడ్డాయి. మరింత చిక్కైన ఉదాహరణ ఎసిటైల్ కో-ఏ కార్బాక్సిలేజ్‌ది. కాలేయంలో ఆ ఎంజైమ్ రెండు రూపాలనూ జన్యుపరంగా తొలగించి, క్యాన్సర్ కారక రసాయనం ఇచ్చిన చిట్టెలుకల్లో కణితులు తగ్గకపోగా పెరిగాయి. అదే ఎంజైమ్‌ను మందుతో నిరోధించిన ఎలుకల్లో కణితులు తగ్గాయి. రెండు ప్రయోగాలూ జాగ్రత్తగా చేసినవే. కణితి పుట్టకముందు నుంచి శాశ్వతంగా లేకపోవడానికీ, పుట్టాక మందుతో అడ్డుకోవడానికీ తేడా ఉంటుందని నేను అనుకుంటాను, కాలేయ క్యాన్సర్ అన్నది ఒకే జబ్బు కాదన్నది అంతకంటే పెద్ద కారణం.

మిగిలిన ఫాస్ఫోలిపిడ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్ పరిమాణంలో చిన్నదైనా సంకేతాలకు అదే ఆధారం. దాని మీద మూడు ఫాస్ఫేట్లు చేరిన రూపాన్ని తిరిగి తగ్గించే పీటెన్ అనే ఎంజైమ్‌ను కాలేయంలో తొలగించిన చిట్టెలుకలకు కొవ్వు కాలేయం, ఆపైన క్యాన్సర్ వస్తాయని 2004లో తేలింది. ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్‌కు అరాకిడోనిక్ తోకను చేర్చే ఎమ్‌బోట్7 జన్యువులోని ఒక సాధారణ వైవిధ్యం, సిరోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) లేకుండానే కొవ్వు కాలేయం నుంచి వచ్చే క్యాన్సర్‌తో ముడిపడి ఉందని మనుషుల్లోనే చూపారు. మామూలు కాలేయంలో అతి తక్కువగా ఉండే ఈథర్ లిపిడ్లు (తోక ఈథర్ బంధంతో అతికినవి) కణితుల్లో పెరుగుతాయన్నది ఫ్రెడ్ స్నైడర్, ర్యాండాల్ వుడ్ 1960ల చివరలోనే చెప్పిన విషయం, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, క్యాన్సర్ కాలేయంలో లేనప్పటి సంగతి. మీరు చదివినది బహుశా ఫాస్ఫరస్-31 స్పెక్ట్రోస్కోపీ ఆధారిత పరిశోధన అయి ఉంటుంది. శరీరాన్ని కోయకుండా, ఎమ్మార్ఐ యంత్రంలోనే కాలేయంలోని ఫాస్ఫరస్ సమ్మేళనాలను కొలిచే పద్ధతి అది. నెదర్లాండ్స్‌లో 2000 ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో, బరువు తగ్గుతున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కాలేయంలో ఫాస్ఫోమోనోఎస్టర్ల సంకేతం పెరిగినట్టు కనిపించింది. ఫాస్ఫోకోలీన్, ఫాస్ఫోఇథనాలమీన్ ఆ సంకేతంలోనే ఉంటాయి కాబట్టి ఫాస్ఫోలిపిడ్ల తయారీ పెరిగిందని అనుకోవడం సహజం. కాని అదే శిఖరం కింద చక్కెర ఫాస్ఫేట్లు, 3-ఫాస్ఫోగ్లిసరేట్ కూడా దాక్కుని ఉంటాయి. ఆ రోగుల కాలేయం కండరాల నుంచి వచ్చే అలనిన్‌ను గ్లూకోజ్‌గా మార్చే పనిని ముమ్మరం చేస్తుంది, సంకేతంలోని పెరుగుదలకు ఆ మార్గంలోని మధ్యస్థ పదార్థాలు కారణం కావచ్చని ఆ పరిశోధకులే సూచించారు. అదేవిధంగా ఫాస్ఫోడైఎస్టర్ల శిఖరంలో గ్లిసరోఫాస్ఫోకోలీన్ వంటి విచ్ఛిన్న పదార్థాలతో పాటు, కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరలే ఇచ్చే వెడల్పాటి సంకేతం కూడా కలిసి ఉంటుంది. పైగా సిరోసిస్‌లోనూ, కాలేయంలో కొంత భాగం తీసేశాక మిగిలినది తిరిగి పెరిగేటప్పుడూ మోనోఎస్టర్లు ఇలాగే పెరుగుతాయి. మూడు భిన్నమైన స్థితులకు ఒకే బొమ్మ వచ్చే చోట, బొమ్మను చూసి కారణం చెప్పే సాహసం చేయకూడదు.

అయినా దూరపు కణితి కాలేయాన్ని మారుస్తుందన్న మూల విషయం నిజమే. 2016లో, ఊపిరితిత్తుల కణితి ఉన్న చిట్టెలుకల్లో కాలేయపు రోజువారీ జీవక్రియ లయ చెదిరిపోతుందని, శోథ సంకేతాల ద్వారా స్టాట్3 అనే ప్రోటీన్ చురుకై ఇన్సులిన్ ప్రభావం, కొవ్వుల జీవక్రియ రెండూ మారతాయని చూపారు. 2023లో వచ్చిన మరో పరిశోధన ఇంకా స్పష్టమైన దారిని చూపింది. క్లోమ క్యాన్సర్ వంటి కణితులు విడుదల చేసే సూక్ష్మ తిత్తులు పామిటిక్ ఆమ్లాన్ని మోసుకుని కాలేయానికి చేరి, అక్కడి రక్షక కణాలైన కుప్ఫర్ కణాలచేత టీఎన్ఎఫ్ అనే శోథ సంకేతాన్ని విడుదల చేయిస్తాయి. దాంతో కాలేయ కణాల్లో కొవ్వు పేరుకుంటుంది, మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌లు తగ్గుతాయి. కాలేయంలో మెటాస్టాసిస్ (వేరే చోటి నుంచి పాకిన కణితి) లేని రోగికి కూడా కీమోథెరపీ మందులు మోతాదుకు మించిన దుష్ప్రభావం ఎందుకు చూపగలవో దీనివల్ల కొంత అర్థమవుతుంది. ఈ స్థితిలో కాలేయ కణం తన స్వభావాన్ని కోల్పోలేదు, పీఈఎంటీ జన్యువును అది వదులుకోలేదు, అది శోథకు స్పందిస్తున్నదంతే. ఇతర అవయవాల నుంచి వచ్చి కాలేయంలో స్థిరపడిన మెటాస్టాసిస్ మూడో రకం. అది పుట్టిన కణజాలపు లక్షణాలనే చాలావరకు నిలుపుకుంటుంది, కాలేయానికే ప్రత్యేకమైన మిథైల్ దారి దానికి మొదటినుంచీ ఉండదు.

రక్త పరీక్షల్లో తరచూ చెప్పే లైసోఫాస్ఫాటిడైల్‌కోలీన్ (ఒక తోక పోయిన ఫాస్ఫాటిడైల్‌కోలీన్) తగ్గుదలను కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. కాలేయ క్యాన్సర్‌లో అది తగ్గుతుంది, బరువు తగ్గి శోథ ఉన్న ఇతర క్యాన్సర్లలోనూ తగ్గుతుంది. కాని రక్తంలో దాన్ని కొంతమేరకు తయారుచేసే ఎల్‌క్యాట్ అనే ఎంజైమ్ కాలేయం నుంచే రావాలి, దాన్ని విచ్ఛిన్నం చేసే ఆటోటాక్సిన్ దీర్ఘకాల కాలేయ వ్యాధుల్లో పెరుగుతుంది, కాబట్టి క్యాన్సర్ లేని సిరోసిస్‌లోనూ ఆ తగ్గుదల కనిపిస్తుంది. కణితి పక్కనున్న కణజాలాన్ని ఆరోగ్యకరమైనదిగా భావించి పోల్చే పరిశోధనలకూ ఇదే ఇబ్బంది. చాలామంది రోగుల్లో ఆ పక్క కణజాలం అప్పటికే సిరోసిస్‌తోనో, వైరల్ హెపటైటిస్‌తోనో, కొవ్వుతోనో మారిపోయి ఉంటుంది. మీరు ఏ వ్యాసం చదివినా మొదట పోలిక దేనితో చేశారో చూడండి, ఫలితాలను ఆ తర్వాత చూడవచ్చు.

ఇక మాత్రల సంగతి. క్యాన్సర్‌ను ఆకలికి మాడ్చడం కోసం కోలీన్ ఉన్న ఆహారాన్ని మానేయాలన్న సలహా అక్కడక్కడ వినిపిస్తుంది. దాన్ని పాటించవద్దు. కోలీన్ లోపం కాలేయాన్ని ఎటు తీసుకువెళుతుందో పైన చెప్పాను. అమెరికా వైద్య సంస్థ 1998లో సూచించిన పరిమాణం పురుషులకు రోజుకు 550 మిల్లీగ్రాములు, స్త్రీలకు 425 మిల్లీగ్రాములు. సాధారణ ఆహారం నుంచి దాన్ని పొందడానికి భయపడనక్కరలేదు. మరోవైపు, అదనంగా మింగితే మేలన్న వాదనకూ గట్టి ఆధారం లేదు. అసంతృప్త ఫాస్ఫాటిడైల్‌కోలీన్‌ను మద్యపాన సంబంధిత కాలేయ వ్యాధి ఉన్న దాదాపు 800 మందిలో రెండేళ్లపాటు పరీక్షించిన అమెరికన్ అధ్యయనం 2003లో వెలువడింది, ఆ పదార్థం ఫైబ్రోసిస్‌ను (కాలేయం మచ్చలు కట్టడాన్ని) ఆపలేదు. హెపటైటిస్ సి వల్ల సిరోసిస్ వచ్చినవారికి సామ్ ఇచ్చి, కాలేయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందేమోనని చూసిన అధ్యయనంలో రక్తంలోని ఆల్ఫా-ఫీటోప్రోటీన్ (ఆ ముప్పుకు సూచిక) తగ్గలేదు, ఆ ఫలితం 2015లో వచ్చింది. కాబట్టి రోగి బరువు తగ్గుతూ సరిగా తినలేకపోతుంటే, మొత్తం కేలరీలు, ప్రోటీన్ అందేలా చూడమని చికిత్స చేస్తున్న డాక్టరుగారినీ, ఆహార నిపుణులనూ అడగండి. లెసిథిన్ సీసా కొనడమంటూ జరిగితే, వాడుతున్న మందుల జాబితాలో దాన్ని కూడా రాసి వారికి చూపించండి.